రెండో పాట నీదేనన్నవాడి గురించి చినబాబుకి

పాలకొల్లు

చిరంజీవి చినబాబుకి పెద్దమ్మ దీవెనలు.

నీ తమ్ముడు ఫోన్ చేసి, ఆన్‌లైన్ వేలం పాటలో పాత జనరేటర్ కోసమని ఎవడికో డబ్బు పంపి నువ్వు మోసపోయిన సంగతి మొత్తం చెప్పాడు. చెప్పొద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావట, వాడి మీద కోప్పడకు. నిన్ను తిట్టడానికి రాయట్లేదు. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. కాగితమైతే చేతిలో పెట్టుకుని ఒక్కో పనీ చేసుకుపోవచ్చు. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ ఇలాంటివాళ్ళు నా కౌంటర్ ముందు నిలబడటం చూశాను. లెక్చరర్లు, కాంట్రాక్టర్లు, ఆఖరికి ఒక వకీలుగారు కూడా. అందరూ ముందు ఇంట్లో దాచారు, తర్వాత నా దగ్గరకొచ్చారు. అప్పటికి డబ్బు ఇంకో రాష్ట్రం దాటిపోయేది.

ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నెంబరు 1930కి ఫోన్ చేశావా లేదా? "రెండ్రోజులు అయిపోయింది, ఇంకెందుకు" అన్నావట. ఆ మాట పక్కన పెట్టి, ఇది చదువుతూనే చెయ్యి. ఆ నెంబరు ఎలా పనిచేస్తుందో తెలిస్తే నీకే అర్థమవుతుంది. నువ్వు చెప్పిన వివరాలు ఎక్కించగానే నీ బ్యాంకుకీ, డబ్బు చేరిన బ్యాంకుకీ కబురు వెళ్తుంది. డబ్బు ఆ ఖాతాలోనే ఉంటే కదలకుండా ఆపుతారు. అప్పటికే వేరే ఖాతాకి తోసేసి ఉంటే కబురు ఆ బ్యాంకుకి వెళ్తుంది. అలా వెంటబడతారు. వాడు ఏటీఎంలో నగదు తీసేసుకుంటే ఆ జాడ అక్కడితో తెగిపోతుంది. అందుకే మొదటి గంటలో చేసిన ఫోనుకున్న బలం మూడోరోజు చేసినదానికి ఉండదు. కానీ నువ్వు నాలుగు విడతలుగా కట్టావు, ఆఖరిది మొన్న రాత్రే. మొదటి మూడూ పోయినా నాలుగోది ఎక్కడో ఆగి ఉండొచ్చు. పైగా ఇలాంటివాడు నీ ఒక్కడితో ఆగడు. వేరేవాళ్ళ ఫిర్యాదు మీద ఆ ఖాతాని ఇప్పటికే ఆపేసి ఉంటే, నీ ఫిర్యాదు లేనిదే అందులో నీ డబ్బు కూడా ఉందని ఎవరికీ తెలియదు.

ఫోన్ చేసేటప్పుడు "మొత్తం 81,500 పోయింది" అని ఒకే అంకె చెప్పి ఊరుకోకు. అడ్వాన్సు 40,000, లారీ బాడుగ 14,500, తిరిగిచ్చేస్తామన్న బీమా 18,000, గేట్ పాస్ 9,000. నాలుగింటికీ నాలుగు యూటీఆర్ నెంబర్లు, అంటే చెల్లింపు గుర్తింపు నెంబర్లు, ఉంటాయి. ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో ఆ చెల్లింపు మీద నొక్కితే పన్నెండు అంకెల నెంబరు కనిపిస్తుంది, అదే. దేనికది విడిగా, తేదీ, టైము, ఏ యూపీఐ ఐడీకి వెళ్ళిందో రాసి పెట్టుకో. రెండు వేరే ఐడీలకి వెళ్ళాయని నీ తమ్ముడన్నాడు, అది మరీ ముఖ్యం. ఫోన్ అయ్యాక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తిచేసి, వచ్చిన నెంబరు దాచు.

వాట్సాప్‌లో వాడితో మాట్లాడింది తుడిచేయకు. చూస్తే కడుపు మండుతుందని తెలుసు, అయినా ఉంచు. వాడి నెంబరు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయి, వాయిస్ మెసేజ్‌లు విడిగా దాచుకో. వేలం సైటులో వాడి పేజీ లింకు, వాడి యూజర్ పేరు, జనరేటర్ ఫొటోలు ఈ రాత్రికే దింపుకో. రేపటికి ఆ పేజీ ఉంటుందో ఉండదో. బూతులు తిట్టి మెసేజ్ పెట్టకు, దానివల్ల వాడికి పోయేదేమీ లేదు. నీ దగ్గర దొరికేది అయిపోయిందని తెలిస్తే నెంబరు మార్చేస్తాడు, అంతే.

తర్వాత ఆకివీడు స్టేషన్. 1930 ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్ ఒకటి కాదు. రాతపూర్వకంగా ఇవ్వు, స్టాంపు వేసిన నకలు తీసుకో. మోసం జరిగింది మద్రాసులోనో రాజస్థాన్‌లోనో, ఇక్కడ తీసుకోం అంటే, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చని సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్‌లో ఉందని మర్యాదగానే చెప్పు. వర్తించేవి భారతీయ న్యాయ సంహిత 318, అంటే మనం నాలుగొందల ఇరవై అనేది, ఇంకొకరిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే పెట్టే ఐటీ చట్టం 66డి. ఐటీ చట్టం కేసుని ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గనివాళ్ళే దర్యాప్తు చేయాలి. అందుకని ఎస్సైగారు "సీఐగారి దగ్గరికి వెళ్ళండి" అంటే తిప్పి పంపుతున్నారని అనుకోకు. అక్కడా పని కాకపోతే భీమవరం ఎస్పీ ఆఫీసులో ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమానికి (ఇదివరకు స్పందన అనేవారు) వెళ్ళొచ్చు, నేను వస్తాను. ఒకవేళ ఎక్కడో కొంత డబ్బు ఆగిందని తేలినా, అది నీ ఖాతాకి రావాలంటే చాలాసార్లు మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద అర్జీ పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాగితం అక్కడ అక్కరకొస్తుంది.

బ్యాంకు విషయంలో నీకు ఉన్నదున్నట్టు చెప్తాను, ఎందుకంటే యూట్యూబ్‌లో తప్పుగా చెప్తున్నారు. "మూడు పనిదినాల్లో చెబితే బ్యాంకు మొత్తం ఇచ్చేయాలి" అన్నది రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశం. అది నీకు తెలియకుండా, నీ తప్పు లేకుండా నీ ఖాతాలోంచి ఎవడో లాగేసినప్పటి మాట. నువ్వు పిన్ కొట్టి నీ చేత్తో పంపావు. దాన్ని అందులోకి లాగలేం. మేనేజరుతో గొడవ పెట్టుకోకు, పాపం ఆయన చేతిలో ఏమీ ఉండదు. కానీ రాతపూర్వక ఫిర్యాదు మాత్రం అక్కడా ఇవ్వు. 1930 కబురుతో పాటు నీ బ్యాంకు కూడా అడిగితే మంచిదే.

వేలం సైటుకి కూడా రాయి, గ్రీవెన్స్ ఆఫీసర్ పేరున. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. డబ్బు ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోకు. నువ్వు సైటులో కట్టలేదు, బయట కట్టావు. వాళ్ళు చూపించే మొదటి షరతు అదే.

ఇక అసలు విషయం. నువ్వు ఎక్కడ పడ్డావో నాకు తెలుసు, నీకు తెలుసో లేదో. పాటలో నువ్వు ఓడిపోయావు. ఎవరో నీకన్నా ఎక్కువ పెట్టారు. ఆ రాత్రే వాట్సాప్ వచ్చింది, "గెలిచినాయన డబ్బు కట్టలేకపోయాడు, రెండో పాట మీదే, మీ రేటుకే ఇస్తాం, సైటు కమిషన్ మిగుల్తుంది, నేరుగా పంపండి" అని. నీకు అనుమానం రాలేదు, ఎందుకంటే మన దగ్గర అలా జరుగుతుంది. పంచాయతీ చెరువు పాటలో హెచ్చు పాటగాడు గడువులోగా కట్టకపోతే రెండోవాడిని పిలవడమో, మళ్ళీ పాట పెట్టడమో చూస్తూనే పెరిగావు. కానీ అక్కడ ధరావతు కట్టించుకున్న రసీదు ఉంటుంది, పాట పదిమంది ముందు జరుగుతుంది, పిలిచేది కార్యదర్శి. నిన్ను పిలిచింది ఎవరు? అమ్మేవాడే. నీకన్నా ఎక్కువ పెట్టిన ఆ "ఎవరో" కూడా బహుశా వాడే, ఇంకో పేరుతో. దొంగ పాట పాడి నిన్ను పైకి లాగాడు, నీ ఆఖరి అంకె ఎంతో తెలుసుకున్నాడు, ఆ అంకె పట్టుకుని వచ్చాడు. మన చెరువు పాటల్లో పాటగాళ్ళు కలిసిపోయి రేటు పెరగకుండా చేస్తారు చూశావూ, ఇది దానికి తలకిందులు.

రెండో అవకాశం అన్నది అసలు లేని పద్ధతి కాదు. ఈబేలో ఆ ఏర్పాటు నిజంగానే ఉంది. కానీ ఆ కబురు నీ ఖాతాలోకి లాగిన్ అయితేనే కనిపిస్తుంది, డబ్బూ అక్కడే కట్టాలి. మన దేశంలో బాజీ డాట్ కామ్ అని ఒక వేలం సైటు ఉండేది, 2004లో ఈబే కొనుక్కుంది, 2017లో ఇక్కడి వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళింది, 2018లో ఆ దుకాణం మూతపడింది. అందులో పైసాపే అని ఉండేది. నువ్వు కట్టిన సొమ్ము సైటు దగ్గర ఉండేది, సరుకు చేరాకే అమ్మినవాడికి వెళ్ళేది. మొహం తెలియని ఇద్దరి మధ్య వేలం నడవాలంటే సొమ్ము మధ్యవాడి దగ్గర ఉండాలి, వేరే దారి లేదు. కమిషన్ మిగుల్తుందని ఆ మధ్యవాడిని తప్పించమన్నవాడు ఎవడైనా, మేజర్‌నని మిలిటరీ కార్డు చూపించినా సరే, నీకు అక్కర్లేదు.

నువ్వు పంపిన బిల్లు ఫొటో చూశాను. జీఎస్టీ నెంబరు 08తో మొదలైంది. ఆ మొదటి రెండంకెలు రాష్ట్రానివి. మనది 37, తమిళనాడుది 33, 08 రాజస్థాన్. మద్రాసులో మూతపడ్డ ఫ్యాక్టరీ జనరేటర్‌కి రాజస్థాన్ నెంబరేంట్రా? జీఎస్టీ సైటులో ఆ పదిహేను అక్షరాలూ కొడితే ఎవరి పేరు మీదుందో, ఇంకా బతికుందో లేదో వచ్చేస్తుంది. లారీ రసీదు పంపినప్పుడు ఆ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నెంబరు రసీదు మీద చూసి కాదు, విడిగా కనుక్కుని అడగాలి. సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లు నెంబరు ఉంటే అదీ సైటులో చూసుకోవచ్చు. అయినా బీమా తిరిగిస్తాం, గేట్ పాస్ తిరిగిస్తాం అంటూ ఒక్కోటీ అడుగుతుంటే నువ్వు కడుతూ పోయావు, మొదటి 40,000 పోకూడదని. మిగతా సగం ఆ బాధతోనే పోయింది.

ఇప్పుడు జాగ్రత్తగా విను, ఈ వారంలోనే నీకో ఫోన్ రావొచ్చు. "సైబర్ సెల్ నుంచి, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అంటారు. లేదా రిఫండ్ వస్తోంది, పిన్ కొట్టండి అంటారు. పిన్ డబ్బు పంపడానికే, రావడానికి పిన్ అక్కర్లేదు. ఫోన్ స్క్రీన్ చూపించే యాప్ ఎక్కించమంటే ఫోన్ పెట్టేయి. ఒకసారి మోసపోయినవాళ్ళ నెంబర్లకి ఈ ముఠాల దగ్గర గిరాకీ ఉంటుంది. గూగుల్‌లో "డబ్బు రికవరీ" అని వెతికి దొరికిన నెంబరుకి అసలే చేయకు. వాడి ఫోన్ నెంబరుని టెలికాం శాఖ సంచార్ సాథీ సైటులో చక్షు అనే చోట కూడా రిపోర్ట్ చెయ్యి, ఐదు నిమిషాల పని.

ఇంకోటి. డబ్బు వెళ్ళిన ఖాతా పేరు చూసి, ఊరు కనుక్కుని కారు వేసుకుని బయల్దేరదామని మీ బావమరిది అంటున్నాడట. వద్దు. ఆ పేరు చాలాసార్లు కమిషన్‌కి ఖాతా అప్పిచ్చిన ఏ కూలీవాడిదో అవుతుంది. వాడిని కొడితే కేసు నీ మీద. అసలువాడు ఆ ఊళ్ళోనే ఉండడు.

జనరేటర్ నీకు కావలసిందే, కాదనను. తెల్లవారుజామున చెరువు నీళ్ళలో ఆక్సిజన్ (డీవో) పడిపోయే వేళకి కరెంటు పోయి, గాలి కొట్టే ఏరియేటర్లు ఆగితే వనామి రొయ్య తేలిపోతుంది, ఆ దిగులు తెలుసు. ఈ పంటకి అద్దెకి తీసుకో. కొనడం రొయ్యల పట్టుబడి అయ్యాక చూద్దాం. పాతది కొంటే మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్ళు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీ ముందే స్టార్ట్ చేయించాలి. చేత్తో ముట్టుకుని చూడు, వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే ఒకసారి తిప్పారన్నమాట. ప్లేటు మీద ఇంజను నెంబరు, కేవీఏ (సామర్థ్యం) అంకె కాగితంతో కలవాలి. గంటల మీటరుని నమ్మకు, దాన్ని వెనక్కి తిప్పడం తెలిసినవాళ్ళున్నారు. లోడ్ వేసి అరగంట నడిపించు, పొగ చూడు. అవతలివాడు దూరంలో ఉంటే ముందు వీడియో కాల్‌లో నడిపించమను. ఇవాళ్టి పేపరు మిషను మీద పెట్టి ఫొటో తీయమను. చూపించలేనివాడి దగ్గర మిషను లేనట్టే.

వేలంలోనే కొనాలనుంటే ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ వేలం సైటు ఉంది. ప్రభుత్వ సంస్థల పాత మిషన్లు, వాహనాలు అందులో ఈ-వేలానికి వస్తాయి. సరుకు చూసుకోవడానికి తేదీ ఇస్తారు. ఉన్నదున్నట్టు తీసుకోవాలి, తర్వాత బాగోలేదంటే కుదరదు. పాట పోతే ధరావతు వెనక్కి వస్తుంది. పాటకి ముందే ఎంతవరకు వెళ్తావో కాగితం మీద రాసుకుని మీ ఆవిడ చేతికి ఇవ్వు. ఆ అంకె దాటితే ఆ అమ్మాయే ఫోన్ లాగేసుకుంటుంది.

మీ అమ్మకి నేను చెప్తాను, నువ్వు కంగారుపడకు. దాని కోపం నాకు అలవాటే. శనివారం పొద్దున్నే పాలకొల్లు రా. ఆ ఖాతా ఆర్నెల్ల స్టేట్‌మెంటు బ్యాంకు స్టాంపుతో, ఆధార్ నకళ్ళు, స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి రెండు సెట్లు తీసుకురా. 1930 వాళ్ళిచ్చిన నెంబరు మాత్రం శనివారం దాకా ఆపకు, ఇవాళే నాకు మెసేజ్ పెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ