మిరప కల్లం కథ రాసిన అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ,

నీ కథ అందింది. తల్లి వెంట కల్లానికి వెళ్ళి, పాడైన తాలుకాయలు ఏరే ఎనిమిదేళ్ళ పిల్ల. బాగుంది. కానీ నాలుగో పేజీలో ఆ పిల్ల బోరు కింద చేతులు కడుక్కోగానే మంట చల్లారిందన్నావు చూడూ, అక్కడ నాకు ఒళ్ళు మండింది. మిరప ఘాటు నీళ్ళకి లొంగుతుందా? ముందు నూనె పట్టించాలి, ఆ తర్వాతే సబ్బు. అప్పటికీ రాత్రి నిద్రలో కన్ను నులుముకుంటే లేచి కూర్చోవాల్సిందే. చిన్నప్పుడు నేనూ ఆ పని చేశానని ఉత్తరంలో రాశావు. మరి కథలోకి ఆ చేతులు ఎందుకు రాలేదు?

అదే పేజీలో కాటా దగ్గర ఆ పిల్ల ‘ఇది శ్రమదోపిడీ’ అనుకుంటుంది. ఎనిమిదేళ్ళకా! ఆ వయసులో తెలిసేది మేస్త్రీ చెప్పుల కిర్రు. అమ్మ ముక్కుకి కట్టుకున్న గుడ్డ ఏ చీర ముక్కో తెలుస్తుంది. తూకంలో మోసం చదివేవాళ్ళకి అర్థం కావాలి, పిల్లకి కాకూడదు. రెండు కాగితాలు తీసుకో. ఒకదాని మీద అప్పుడు తెలిసినవి, రెండోదాని మీద పెద్దయ్యాక తెలిసినవి రాయి. వాక్యాలన్నీ మొదటి దాంట్లోంచే రావాలి. రెండోది చూసి పిల్లని ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకో. కాటా పక్కనే నిలబెట్టు, అది చీమల్ని చూసుకుంటూ ఉండనీ.

కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ న్యూజిలాండ్‌లో గడిచిన తన చిన్నతనం మీద రాసిన ‘ప్రెల్యూడ్’ కథ 1918లో వచ్చింది. అందులో పనివాడు పిల్లల ఎదుటే బాతు తల నరుకుతాడు. తల లేని బాతు నడుస్తుంది. కెజయా అనే చిన్నపిల్ల వాణ్ణి పట్టుకుని, తల మళ్ళీ పెట్టెయ్యమని గోల పెడుతుంది. వాడు ఎత్తుకున్నాక వాడి చెవిపోగులు కనిపిస్తాయి, ఏడుపు ఆగుతుంది. చావు గురించి ఆ పిల్లచేత ఉపన్యాసం ఇప్పించలేదు ఆవిడ. మన సంపాదకులకైతే వెంటనే ‘సందేశం ఏదండీ’ అని వెనక్కి పంపాలనిపించేది! పోటీ కథలు మరీ ఘోరం, ఆఖర్న పిల్లచేత నీతి పలికించందే బహుమతి రాదు. ఆ జబ్బు నీకూ అంటింది. నీ ఆఖరి పేరా కొట్టేశాను.

మొదట్లో బస్సు కిటికీ, గతంలోకి జారుకోవడం, అదీ తీసెయ్. నేరుగా కల్లంలో మొదలుపెట్టు. నెల కూడా సరిచూసుకో. నువ్వు ముసురులో కాయ ఆరబోశావు, తడిస్తే ఉన్న కాయంతా తాలే అవుతుంది. ఫిబ్రవరి, మార్చిలకి జరుపు. అప్పుడు బడి ఉంటుంది కదా, పిల్ల బడి మానేసి వచ్చిందన్నమాట. హాజరు పిలిచేటప్పుడు పక్కపిల్ల ఏం చెప్పిందో అదీ కథలోకి వస్తుంది. నెల తప్పు రాసినందుకు ఎంత పోగొట్టుకున్నావో చూడు.

గుర్తులేనివి మీ అమ్మని అడుగు. ‘ఆ రోజులు ఎట్లా ఉండేవి’ అని మాత్రం అడక్కు, కష్టాలు ఏకరువు పెడుతుంది. క్యారేజీలో ఏం తెచ్చుకునేవాళ్ళం, ఎక్కడ కూర్చుని తినేవాళ్ళం, చెయ్యి మండుతుంటే అన్నం ఎట్లా కలుపుకునేవాళ్ళం అని అడుగు.

కలం పేరు, ఏ పత్రికకి పంపాలి, ఇవన్నీ తర్వాత. మేస్త్రీ పేరు మార్చు. ఆయన నత్తి కూడా తీసేసి ఇంకేదైనా పెట్టు, మీ ఊళ్ళో ఇట్టే పోల్చుకుంటారు. తిరగరాసి పంపు, ఈసారి కాగితానికి ఒకవైపే రాయి.