బీఈడీ వాళ్లకు ముందే వీడియో పంపి క్లాస్ ఫ్లిప్ చేస్తే పనైతదా?

మీరు అడిగింది ఏందంటే, బీఈడీ స్టూడెంట్లకు రాత్రే వీడియో పంపుతున్న, సగం మంది చూడకుండనే వస్తున్నరు, మళ్ల నేనే అంతా చెప్పాల్సొస్తుంది, ఇంక ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్‌తోని, అంటే పాఠం ఇంటికాడ చూసొచ్చి క్లాసుల దాని మీద పని చేసుడుతోని, లాభమేంది అని. నేను హన్మకొండల ఫిజికల్ సైన్స్ మెథడ్, అంటే ఆ సబ్జెక్టు బడిల ఎట్ల చెప్పాలె అనే పేపర్, చెప్త, కొన్నేండ్ల సంది ఇట్లనే నడిపిస్తున్న. పనైతది, కాని వీడియో వల్ల కాదు.

ముందుగాల, చూడకుండ వచ్చినోళ్ల కోసం మళ్ల మొదటి నుంచి చెప్పకండి. చెప్పిండ్రంటే చూసొచ్చినోళ్లు కూడ రేపటి నుంచి చూడరు. నా క్లాసుల చూడనోళ్లు వెనక కూసొని ఫోన్ల అప్పుడే చూసి తర్వాత గ్రూపుల కలుస్తరు, తిట్టేది ఏం లేదు. వీడియో కూడ ఏడెనిమిది నిమిషాలు దాటనియ్య. ములుగు, ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చేటోళ్లకు ఇంటికాడ సిగ్నల్ తిప్పలు ఉంటయి కాబట్టి సైజు తగ్గించి వాట్సాప్ గ్రూపుల పెడ్త, కాలేజీలనే డౌన్‌లోడ్ చేసుకొని బస్సుల చూసుకుంట పోతరు. అన్నీ మీరే రికార్డ్ చేయాల్సిన పని లేదు, సర్కారు టీశాట్ చానెల్, దీక్ష యాప్‌లల్ల పాఠాలు ఉన్నయి, పనికొచ్చే ముక్క చూపెట్టుండ్రి చాలు. దాంతోని గూగుల్ ఫామ్‌ల రెండే ప్రశ్నలు, ఒకటి పాఠం మీద, ఇంకోటి "నీకు ఎక్కడ అర్థం కాలే" అని. పొద్దుగాల ఆ జవాబులు చదివినంకనే క్లాసుకు పోత.

అసలు సంగతి క్లాసుల ఉంటది. ఒకే రకం రెండు బల్బులను శ్రేణిల, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపితే ఏది ఎక్కువ వెలుగుతది అని అడుగుత. బీఎస్సీ పాసై వచ్చినోళ్లల్ల కూడ చానా మంది మొదటి బల్బు అంటరు, ఎందుకంటే అది కరెంటు వాడుకుంటది, రెండో దానికి తక్కువ మిగులుతది అని. ఎవరిది వాళ్లు చెయ్యి లేపాలె, తర్వాత పక్కోళ్లతోని వాదించుకోవాలె, మళ్ల చెయ్యి లేపాలె. హార్వర్డ్‌ల ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల మొదట్ల ఇదే పద్ధతి మొదలుపెట్టిండు. అది అయినంక ఫెట్ (PhET) సిమ్యులేషన్, అంటే ఫోన్ల, కంప్యూటర్ల ప్రయోగం చేసి చూసుకునేది, తెరిచి బల్బులకు ముందు ఒక అమ్మీటరు, మధ్యల ఒకటి, తర్వాత ఒకటి పెట్టమంట. మూడింట్ల రీడింగ్ ఒక్కటే వస్తది, రెండు బల్బులు ఒక్క తీరుగనే వెలుగుతయి. ఫెట్ ఫ్రీనే, నెట్ లేకపోయినా డౌన్‌లోడ్ చేసుకొని వాడొచ్చు.

బీఈడీ క్లాసు నిజంగ మొదలయ్యేది ఇగో ఇక్కడ. "రేపు బడిల పిల్లగాడు ఇదే మాట అంటడు, నువ్వు తప్పు అని అనకుండ వాని నోటితోనే సరైన జవాబు ఎట్ల రప్పిస్తవు?" అని అడిగితే రూమంతా ఆలోచన్ల పడ్తది. పొద్దటి దాక ట్రైనీకే ఉన్న అనుమానం గదా, అందుకే పిల్లగాడు ఎక్కడ ఆగిపోతడో తెలుస్తది. నేను గంటసేపు మిస్‌కాన్సెప్షన్ల (పిల్లలకు ఉండే తప్పు అవగాహనల) మీద లెక్చర్ ఇచ్చినా ఇది రాదు.

ఇంకో లెక్క చూడుండ్రి. మైక్రో టీచింగ్ అంటే ట్రైనీ తోటోళ్ల ముందట చిన్న పాఠం చెప్పి ఒక్కో నైపుణ్యం సాధన చేసుడు, దాని సైకిల్ మన పద్ధతిల 36 నిమిషాలు, చెప్పుడు 6, ఫీడ్‌బ్యాక్ 6, మళ్ల ప్లాన్ చేసుకునుడు 12, మళ్ల చెప్పుడు 6, మళ్ల ఫీడ్‌బ్యాక్ 6. లెక్చర్‌తోని పీరియడ్ అయిపోతే ఇది ఎప్పుడు చేపిస్తరు? అందుకే చానా జాగల రికార్డులల్ల రాసుడే ఉంటది, చేసుడు ఉండది, నాకు మస్తు బాధయ్యేది ఇదే. ఫ్లిప్ చేస్తే మిగిలిన టైమంతా దీనికే పెట్టుండ్రి. పక్కోళ్ల ఫోన్ల రికార్డ్ చేపించుండ్రి, ప్రశ్న అడిగి రెండు సెకన్లు కూడ ఆగకుండ తనే జవాబు చెప్పేస్తున్న సంగతి ఎవరికి వాళ్లు చూసుకుంటేనే తెలుస్తది.

ఒక్క జాగ్రత్త. ఇంటర్న్‌షిప్‌ల జిల్లా పరిషత్ బడికి పోయినంక ఇదే వీడియో పద్ధతి అక్కడ పెడ్త అంటే కాదు, ఇంట్ల ఉన్న ఒక్క ఫోను నాయినతోని పనికి పోతది. 2007ల అమెరికాల కొలరాడోల బెర్గ్‌మన్, శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ సార్లు పాఠాలు రికార్డ్ చేసుడు మొదలుపెట్టింది కూడ బడికి రాలేకపోయిన పిల్లల కోసమే, అంటే వాళ్ల పిల్లల అవసరం చూసి చేసిండ్రు, మనం మన పిల్లలది చూడాలె. నేను ట్రైనీలకు చెప్పేది ఏందంటే, వీడియో బదులు పని ఇయ్యుండ్రి. "ఇంట్ల ఒక లైటు బంద్ చేస్తే మిగిలినయి ఎందుకు బంద్ కాలే, చూసి రా" అంటే చాలు, తెల్లారి సమాంతర సంధానం పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకు పెట్టే పెద్ద టచ్ స్క్రీన్) ఉన్న బడిల అయితే ఒక గ్రూపుకు అక్కడ వీడియో, ఇంకో గ్రూపుకు బ్యాటరీ, వైర్లు ఇచ్చి సగం పీరియడ్ కాంగనే మార్పించుండ్రి.

సెమిస్టర్ మొత్తం ఒకేసారి ఫ్లిప్ చేయకుండ్రి, ఒక్క యూనిట్‌తోని షురూ చేయుండ్రి. ఫిలాసఫీ పేపర్‌కైతే నేను వద్దనే అంట, అది ఎదురెదురుగ కూసొని చదువుకుంట మాట్లాడుకునేది. మీది ఏ మెథడో రాస్తే దానికి సరిపోయే ప్రశ్నలు పంపిస్త.