టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉంది... తగ్గేదెలా?

ప్రశ్న: నా వయసు 24, బరువు 71 కిలోలు, ఎత్తు 157 సెం.మీ. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. గడ్డం కింద వెంట్రుకలు ముదురుగా మొలుస్తున్నాయి. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ 84 వచ్చింది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. పుదీనా టీ తాగితే ఈ హార్మోన్ తగ్గుతుందా?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: ముందుగా బయోటిన్ ఆపండమ్మా. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో దానివల్ల టెస్టోస్టిరాన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. వారం ఆగి, నెలసరి వచ్చిన రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు ఉదయం పూట మళ్లీ పరీక్ష చేయించండి. మహిళల్లో ఇది సాధారణంగా డెసిలీటరుకు 15-70 నానోగ్రాములు ఉంటుంది. ల్యాబును బట్టి కొంత మారుతుంది.

అంకె ఎంత వచ్చినా మీ లక్షణాలు అండాశయాల పనితీరు, హార్మోన్లు గాడి తప్పే పీసీఓఎస్ అనే సమస్యను సూచిస్తున్నాయి. నిర్ధారణకు ముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, షుగర్ పరీక్షలు కూడా చేయించాలి. పీసీఓఎస్‌లో చాలామందికి అసలు చిక్కు ఇన్సులిన్‌తోనే. రక్తంలో అది పెరిగితే అండాశయాలు టెస్టోస్టిరాన్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి. పైగా ఆ హార్మోన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా ఇస్తుంది. దాంతో విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ పెరిగి వెంట్రుకలు, మొటిమలు వస్తాయి.

కాబట్టి ఇన్సులిన్‌ను తగ్గించడమే అసలు మందు. మీరు మూడున్నర నుంచి ఏడు కిలోలు తగ్గినా నెలసరి దారిలో పడే అవకాశం ఉంది. అన్నం మానక్కర్లేదు. ఒక్కసారే వడ్డించుకుని, కంచంలో సగం కూరగాయలు ఉండేలా చూసుకోండి. పప్పు, గుడ్డు, పెరుగు తినండి. తీపి టీలు, కూల్‌డ్రింకులు మానేయండి. రోజూ చెమట పట్టేలా నడవండి.

ఇవి చాలకపోతే గర్భనిరోధక మాత్రలు, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఇస్తాం. స్పైరోనోలాక్టోన్ అనే మందు వెంట్రుకలపై హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. కానీ గర్భిణులు అసలు వాడకూడదు. ఏ మందైనా డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. వెంట్రుకల విషయంలో తేడా తెలియడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. ఈలోగా థ్రెడింగ్, లేజర్ చేయించుకోవచ్చు. షేవ్ చేస్తే మందంగా పెరుగుతాయన్నది అపోహే. స్పియర్‌మింట్ పుదీనా టీతో హార్మోన్ కొంత తగ్గినట్లు చిన్న అధ్యయనాల్లో కనిపించింది. వెంట్రుకలు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. తాగితే తాగండి, చికిత్స అనుకోవద్దు.

గొంతు బొంగురుపోయినా, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరిగినా, టెస్టోస్టిరాన్ 150 దాటినా వెంటనే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవండి. అండాశయంలోనో, కిడ్నీపై ఉండే అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉందేమో స్కానింగ్ చేసి చూడాల్సి ఉంటుంది.