హైవ్‌లో పోస్టులు రాస్తే నాటక సమాజానికి విరాళాలు వస్తాయా?

రాయగడలో మీ నాటక సమాజం పేరున హైవ్‌లో (రాతలకు పడే ఓట్లను బట్టి క్రిప్టో నాణేలు ఇచ్చే బ్లాగు వేదిక) అకౌంటు తెరిచి పోస్టులు రాస్తే హాలు పైకప్పు వేయించేంత డబ్బు వస్తుందా అని అడిగారు. పైకప్పుకు రాదు. హార్మోనియం రిపేరుకు రావచ్చు. పర్లాకిమిడిలో మేము చిన్న తెలుగు గ్రంథాలయం నడుపుతున్నాం. మొదట ఇలాంటిదే అయిన స్టీమిట్ సైటులో రాశాం, 2020 మార్చిలో హైవ్ దాని వెనకున్న స్టీమ్ నెట్‌వర్క్ నుంచి చీలాక ఇటు వచ్చేశాం. ఆ అనుభవంతో చెబుతున్నాను.

అక్కడ ఎవరూ జేబులోంచి తీసి ఇవ్వరు. నెట్‌వర్క్ రోజూ కొత్తగా పుట్టించే నాణేల్లో ఎవరికెంత వాటా అన్నది ఓట్లు తేలుస్తాయి. ఎక్కువ నాణేలు దాచుకున్నవాళ్ల ఓటుకు ఎక్కువ బరువు. మన నాటకాలాడే కుర్రాళ్లంతా కలిసి ఓటేసినా పైసలే, ఒక్క పెద్ద ఖాతా కన్ను పడితే డాలర్లు. పోస్టు కింద 10 డాలర్లు కనిపించాయనుకోండి. ఏడు రోజులయ్యాక అందులో సగం ఓటేసినవాళ్లదే. మీ 5 డాలర్లలో మామూలుగా సగం హెచ్‌బీడీగా (డాలరు విలువకు ముడిపెట్టిన హైవ్ నాణెం) వస్తుంది, దాన్ని అమ్ముకోవచ్చు. మిగతా సగం హైవ్ పవర్, అంటే ఓటుకు బరువిచ్చే, ఖాతాలో కట్టిపడేసిన నాణేలు. దాన్ని బయటికి తీయాలంటే 13 వారాలు, వారానికో వాయిదా. రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి అయిన మా కోశాధికారిగారు ఇది విని, "దీనికన్నా చీటీ పాట నయం కదండీ" అన్నారు. కాదనలేకపోయాం!

"నిధులు కావాలి" అని రాసిన పోస్టును ఎవరూ పట్టించుకోలేదు. మా పాత ఇష్యూ రిజిస్టరులో ఒక పేజీ ఫోటో పెడితే మాత్రం వ్యాఖ్యలే వ్యాఖ్యలు. అంచులు చెదలు కొట్టేశాయి, ఒక వరుసలో తెలుగు సంతకం, కింద ఒడియా సంతకం, పక్కన ఎర్ర సిరాతో "పుస్తకం వాపసు రాలేదు". గిడుగు రామమూర్తిగారు మా ఊళ్లో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన సంగతి చెప్పిన పోస్టూ బాగానే నడిచింది. ఇంగ్లీషులో రాసి కింద తెలుగు ఇవ్వండి, చదివేవాళ్లలో నైజీరియా, వెనిజులా వాళ్లు చాలామంది ఉంటారు. ఎక్కడినుంచైనా కాపీ కొట్టారో, డౌన్‌ఓటు వేసి ఉన్నది కూడా ఊడ్చేస్తారు.

అసలు డబ్బు వేరే దారిలో వచ్చింది. అవే పోస్టుల లింకులు వాట్సాప్‌లో పంపితే విశాఖ, హైదరాబాద్‌లలో స్థిరపడ్డ మా ఊరివాళ్లు యూపీఐలో వేశారు. నా దృష్టిలో హైవ్ వల్ల మాకు కలిగిన లాభం ఇదే: వారానికోసారి ఏదో ఒకటి రాయక తప్పదన్న క్రమశిక్షణ.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మకంలో లాభంపై 30 శాతం పన్ను, నష్టం వస్తే దేనిలోనూ సర్దుకోనివ్వరు. అదే ఏడాది జులై నుంచి 1 శాతం టీడీఎస్. విదేశీయులు నేరుగా విరాళమిస్తామంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అది లేకపోతే మర్యాదగా వద్దనండి. భారత పౌరసత్వం ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఈ గొడవ లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపితే ఉంది. ముందే ఆడిటర్‌ను కూర్చోబెట్టి మాట్లాడండి.

మీ కమిటీలో ఎవరైనా ఎన్‌ఎఫ్‌టీ (యజమాని ఎవరో క్రిప్టో నెట్‌వర్క్‌లో నమోదు చేసి అమ్మే డిజిటల్ ప్రతి) అంటే, ఇటలీలోని ఉఫీజి మ్యూజియం కథ చెప్పండి. 2021లో మైకెలాంజెలో చిత్రం డిజిటల్ ప్రతి 2,40,000 యూరోలకు అమ్ముడైతే, ఖర్చులు, కంపెనీ వాటా పోను మ్యూజియానికి దక్కింది 70,000. మైకెలాంజెలో పరిస్థితే అది.

అయినా మొదలుపెడతామంటే, సభ్యులు సొంత అకౌంట్లలో రాసి, బెనిఫిషియరీగా సమాజం అకౌంటు పెట్టి ఇంత శాతమని రాయవచ్చు, వాటా తనంతట తానే వచ్చి పడుతుంది. అకౌంటుకు పాస్‌వర్డుల్లాంటి కీలు ఉంటాయి: పోస్టులు రాయడానికి పనికొచ్చే పోస్టింగ్ కీ రాసే కుర్రాడికి, డబ్బు కదిలించే యాక్టివ్ కీ కోశాధికారికి. అన్నిటినీ మార్చగల ఓనర్ కీ ఎవరి ఫోనులోనూ వద్దు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. పోతే బ్యాంకుకు వెళ్లినట్టు వెళ్లి అడగడానికి అక్కడ మేనేజరు ఉండడు. కార్యదర్శి మారినప్పుడల్లా కీలు ఎవరి చేతికి ఇచ్చారో మినిట్స్ పుస్తకంలో రాయించండి.