మట్టి కిందికి జారుతుంటే పైన నీలగిరి వేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. కొండ వాలున మూడెకరాల ఎర్రనేల మెట్ట ఉంది. పదేళ్లుగా పత్తే వేస్తున్నాం. 2018లో తిత్లీ తుపాను వానలకు పై భాగం కోసుకుపోయింది. అప్పటి నుంచి ఏటా రాళ్లు తేలుతున్నాయి. ఎంత ఎరువు వేసినా పైన పత్తి మోకాలెత్తు దాటడం లేదు. కింద మా పెదనాన్న గారి అబ్బాయి వరి మడి ఉంది. నా మట్టి వచ్చి మేట వేస్తోందని ఏటా అన్నయ్యతో మాట పడుతున్నాను. దుక్కి ట్రాక్టరుతోనే. పత్తి కట్టె కాల్చేస్తాం. నీలగిరి మొక్కలు ఇస్తాం, నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదని ఒకరు తిరుగుతున్నారు. వేయమంటారా? పై గట్టు నుంచి కింది గట్టుకు 250 అడుగులు ఉంటుంది, మూడు నిలువుల దిగుడు.

జవాబు: చాలామంది ‘కొంచెం వాలుంది’ అని రాసి ఊరుకుంటారు. మీరు నిలువులు లెక్కపెట్టి రాశారు కాబట్టి నా పని తేలికైంది. మూడు నిలువులంటే సుమారు 17 అడుగులు. 250 అడుగులకు 17 అడుగులు దిగితే వాలు 7 శాతం. ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా కురిసే మీ ప్రాంతంలో, ఎర్రనేలలో, ఆ వాలున ఒట్టి పత్తి వేస్తే మట్టి నిలవదు.

జూన్‌లో విత్తిన పత్తి సాళ్ల మధ్య నేలను కప్పడానికి రెండు నెలలు పడుతుంది. మీ వైపు గట్టి వానలు పడేది సరిగ్గా ఆ రెండు నెలల్లోనే. చినుకు ఉత్త నేలను కొట్టి మట్టిని విడదీస్తుంది, పై నుంచి కిందికి తీసిన దుక్కి చాలు దానికి కాలువవుతుంది. నీటి వేగం రెండింతలైతే అది మోసుకుపోయే మట్టి రెండింతలతో ఆగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే సుమారు 5 టన్నులు పోయినట్టు. కంటికి ఆనదు కూడా. భాస్వరం మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది కాబట్టి మట్టితోపాటే వెళ్లిపోతుంది. అంటే మీరు కొన్న భాస్వరపు ఎరువు డీఏపీలో కొంత మీ అన్నయ్య మడిలో పనిచేస్తోంది. ఆ మాట ఆయనతో అనకండి. పైరు మీద ఇసుక మేట వేస్తే కలిగే నష్టం కూడా నిజమే.

అందుకని ఈ ఏడు ఎరువు మోతాదు పెంచే ఆలోచన మాని, పరుగెత్తే నీటిని నడిపించే పని చూడండి. దానికి ముందు పొలంలో సమమట్టపు గీతలు గీయాలి. ఇంజనీరు అక్కర్లేదు. ఏడేసి అడుగుల వెదురు బొంగులు రెండు తీసుకుని పైకొసలు కలిపి కట్టండి. కింది కాళ్లు ఆరడుగుల ఎడంగా ఉండాలి. నడుము ఎత్తున అడ్డంగా మరో బొంగు కట్టి, పైముడి నుంచి తాడుకు రాయి వేలాడదీయండి. రాయి అడ్డబొంగుకు కాస్త కిందుగా ఊగాలి. చట్రాన్ని నేల మీద నిలిపి, కాళ్లున్న రెండు చోట్లా మేకులు కొట్టి, తాడు అడ్డబొంగును తాకిన చోట బొగ్గుతో గీత పెట్టండి. ఇప్పుడు చట్రాన్ని తిప్పి కుడికాలు చోట ఎడమకాలు, ఎడమకాలు చోట కుడికాలు పెట్టి మళ్లీ గీత పెట్టండి. రెండు గీతలకూ నట్టనడుమ పెట్టే మూడో గీతే మీ మట్టం. తాడు దాని మీద నిలిచినప్పుడు రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు.

పై గట్టు నుంచి 60 అడుగులు దిగి పొలం అంచున మొదటి మేకు కొట్టండి. ఒక కాలు అక్కడ ఆనించి, తాడు నడిమి గీతకు వచ్చేదాకా రెండో కాలిని పైకో కిందికో జరిపి, కుదిరిన చోట ఇంకో మేకు. అలా కాలు తిప్పుకుంటూ అవతలి అంచుదాకా వెళ్లండి. గాలికి తాడు ఊగుతుంది కాబట్టి పొద్దున్నే చేయండి. మేకుల వరుస పాములా వంకరలు పోతుంది. కంగారు పడకండి, నేల వంకరే అది. మరీ మెలికగా ఉన్న చోట రెండు మూడు మేకులు సర్దితే చాలు. ఇలాంటి వరుసలు 60 అడుగులకొకటి చొప్పున మూడు వేస్తే పొలం నాలుగు పట్టీలవుతుంది.

ఆ వరుసల మీద ఎత్తైన మట్టి గట్లు వేయమని కొందరు చెబుతారు. మీకు నేను చెప్పను. వాన తక్కువ పడే చోట అవి బాగుంటాయి. మీ దగ్గర ఒక్కరోజు గట్టి వానకు గట్టు వెనక నీరు నిండి, బలహీనమైన చోట తెగి, ఉన్నదానికన్నా పెద్ద గండి పెడుతుంది. మీకు వట్టివేరు గడ్డి మేలు. చిక్కగా పెరిగిన వట్టివేరు వరుస నీటిని వదులుతుంది, మట్టిని ఆపుతుంది. ఆగిన మట్టితో కొన్నేళ్లకు గట్టు దానంతటదే లేస్తుంది. ముదురు ఆకును పశువులు పెద్దగా ముట్టవు. తేలిన రాళ్లను ఏరి బయట పారేయకుండా ఇదే వరుస వెంట, దిగువ వైపున పేర్చండి.

మీ పొలం వెడల్పు సుమారు 520 అడుగులు. మూడు వరుసలకు అరడుగుకు ఒక పిలక చొప్పున దాదాపు 3,100 పిలకలు కావాలి. ముదురు దుబ్బు విడదీస్తే ఇరవై, ముప్ఫై పిలకలు వస్తాయి. ఆకును జానెడు, వేరును నాలుగు అంగుళాలు ఉంచి కోసి, నేల బాగా తడిశాక నాటండి. మొదటి ఏడు చచ్చిన చోట మళ్లీ నాటకపోతే ఆ సందులోంచే నీరంతా దూకుతుంది. అన్ని పిలకలూ ఒకేసారి దొరక్కపోతే పై వరుస ముందు వేయండి. నీరు పరుగందుకునేది అక్కడే. వాన నీరు ఇప్పటికే కోసుకుని పోతున్న వాగుచాలు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని దున్నకుండా గడ్డికి వదిలి, అక్కడక్కడ రాతి కట్టలు అడ్డం వేయండి. కట్ట నడుము పక్కలకన్నా తగ్గుగా ఉండాలి, లేదంటే నీరు పక్క ఒడ్డును కోస్తుంది.

దుక్కి, విత్తనం ఇకపై ఈ వరుసల వెంటే. ట్రాక్టరు డ్రైవరు ఒప్పుకోకపోవచ్చు, అతని భయం అబద్ధం కాదు. వాలుకు అడ్డంగా నడిపితే ఎక్కువ వాలున్న చోట బండి ఒరుగుతుంది. పై పట్టీని ఎద్దుల నాగలికి వదిలేయండి. ఊళ్లో ఇంకా ఒక జత ఎడ్లున్నా అదృష్టమే.

ఆ పై పట్టీలో పత్తి మానేయండి. చోడి (రాగి), కంది కలిపి వేయండి: ఎనిమిది వరుసల చోడికి రెండు కంది. చోడిని అక్కడ మాండియా పేరుతో ప్రభుత్వం మద్దతు ధరకు కొంటోంది. 2017లో మొదలైన ఒడిశా చిరుధాన్యాల పథకం పుణ్యమా అని అమ్మకానికి పాత ఇబ్బంది లేదు. నడిమి పట్టీల్లో పత్తి ఉంచుకోవచ్చు, కానీ సాళ్ల మధ్య అలసంద గానీ జనుము గానీ చల్లండి. జనుమును 35–40 రోజులకు కోసి అక్కడే పరవండి.

పత్తి కట్టె కాల్చితే దానిలోని నత్రజని, కర్బనం గాలిలో కలుస్తాయి. అలాగని పొలం గట్టున కుప్ప వేసి ఉంచడం ఇంకా ప్రమాదం, ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని మళ్లీ వస్తుంది. చివరి ఏరుడు అయ్యాక మేకలను, గొర్రెలను తోలండి, మిగిలిన కాయలు అవి తినేస్తాయి. జనవరి లోపు కట్టె పీకి, ముక్కలు నరికి, పేడనీళ్లు చల్లుతూ గోతిలో పేర్చండి. కుళ్లడానికి చాలా నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. నరికే ఓపిక లేదంటే అద్దెకు ముక్కలు చేసే యంత్రం ఉందేమో గుణుపురంలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

ఇక నీలగిరి. ఆ చెట్టు మీద నాకు పగ లేదు, కాగితపు మిల్లుకు కర్ర కావాలి, రైతుకు డబ్బు కావాలి. కానీ మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు మధ్య నేల ఉత్తగానే ఉంటుంది, పెద్దయ్యాక కింద గడ్డి సరిగ్గా లేవదు. మట్టి జారుడు ఆగదు. వేర్లు పక్క పైరు నీటినీ లాగుతాయి. వద్దనుకున్న రోజు మొద్దులు పెకలించే ఖర్చు మీదే. ‘చూసుకోనక్కర్లేదు’ అన్న మాటలో ఆ ఖర్చు లేదు. చెట్టే కావాలంటే పై గట్టు వెంట జీడిమామిడి, సీతాఫలం పెట్టండి. పక్క గట్ల మీద గ్లిరిసిడియా కొమ్మలు పాతితే ఏటా రెండుసార్లు పచ్చిరొట్ట వస్తుంది.

పైన పత్తి ఎదగకపోవడానికి పులుపు నేల కూడా కారణం కావచ్చు, ఆ ప్రాంతపు ఎర్రనేలల్లో అది మామూలే. నేల పులుపును చూపే ఉదజని సూచిక (పీహెచ్) బాగా తక్కువుంటే వేసిన భాస్వరం మొక్కకు అందకుండా ఇనుముతో బిగుసుకుపోతుంది. మట్టి పరీక్షకు పై పట్టీ, నడిమి పట్టీ, కింది పట్టీ విడివిడిగా ఇవ్వండి. కలిపి ఇస్తే జబ్బున్న చోటు తెలియదు. ఫలితం చూశాక ఎంత సున్నం వేయాలో వారే చెబుతారు. వారు చెప్పకుండా మీరు సొంతంగా వేయకండి.

అన్నయ్య మడిలో మేట వేసిన మట్టి మాత్రం ఈ వేసవిలోనే ఎత్తండి. పైనున్న ఇసుకను పక్కకు తీసి, కింది సన్న ఒండ్రును బండికెత్తి మీ పై పట్టీలో చల్లండి. ఆయన మడి మట్టం సరవుతుంది, మీ మట్టి మీకు వస్తుంది. మే నెల దాటితే తొలకరి పడి బండి దిగబడుతుంది.