తడి బల్బు, పొడి బల్బు రీడింగులు దాదాపు ఒకటే వస్తుంటే

ప్రాక్టికల్లో గాలిలో తేమ కొలవడానికి రెండు థర్మామీటర్లు వాడతాం: ఒకదాని బల్బు పొడిగా ఉంటుంది, ఇంకోదాని బల్బుకు తడి గుడ్డ చుడతాం. మీ తడి బల్బుకు చుట్టిన గుడ్డ నీళ్లు పీల్చడం లేదు, అందుకే పొడి బల్బు 40 డిగ్రీలు, తడి బల్బు 39 డిగ్రీలు చూపిస్తోంది. ఆ లెక్కన గాలిలో తేమ 90 శాతం దాటాలి. నల్లగొండలో మే మధ్యాహ్నం అది జరిగే పని కాదు.

1. కొత్త నూలు గుడ్డకు గంజి ఉంటుంది. చాలామంది వదిలేసేది ఇదే. సబ్బు నీళ్లలో ఉడికించి, సబ్బు పోయేదాకా జాడించండి. తర్వాత ఒక చుక్క వేసి చూడండి, వెంటనే ఇంకిపోవాలి. పైనే నిలిస్తే మళ్లీ ఉడికించాల్సిందే.

2. బోరు నీళ్లు వద్దు. మన దగ్గర అవి తెల్లగా ఉప్పు కడతాయి, గుడ్డ గట్టిపడుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు.

3. నీడలో పెట్టి విసనకర్రతో విసరండి. నీరు ఆవిరవుతూ బల్బు నుంచి వేడి లాక్కుంటుంది, పాదరసం దిగుతుంది. దిగడం ఆగాకే, ముందు తడి బల్బు చదవండి.

4. పొడి బల్బు రీడింగునూ, రెండింటి తేడానూ ఆర్ద్రత పట్టికలో చూడండి. పొడి 40, తడి 25 వస్తే సాపేక్ష ఆర్ద్రత (ఆ వేడిలో గాలి పట్టగల తేమలో ఇప్పుడున్న వంతు) సుమారు 30 శాతం. తేడానే శాతం అని రాయకండి, మార్కులు పోతాయి.