అవతలి పార్టీవాళ్ళను కొడితే మామూలు జనం కూడా ఎందుకు సమర్థిస్తారు?

మాది పల్నాడు, మాచర్ల దగ్గర ఊరు. రౌడీల సంగతి పక్కన పెట్టండి, మీరు అడిగింది మామూలు మనుషుల గురించి. నేను మా ఇంట్లోనే చూశాను.

2019 ఎన్నికల్లో మా వీధిలో ఒకాయన టీడీపీ పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. ఫలితాల్లో వైసీపీ గెలిచాక ఆయన్ను కొట్టారు. వాళ్ళు ఊరు వదులుతున్న రాత్రి ఆయన భార్య బియ్యం బస్తా, గ్యాస్ బండ, పిల్లల పుస్తకాల సంచులు ఆటోలోకి ఎక్కిస్తుంటే వీధి వీధంతా అరుగుల మీద కూర్చుని చూసింది. ఒక్కరూ లేచి చెయ్యి వెయ్యలేదు. జన్మలో ఎవరిమీదా చెయ్యెత్తని మా నాన్న, "ఏజెంటుగా కూర్చోకపోతే ఏం పోయింది?" అన్నాడు. కొట్టినవాళ్ళ ఊసే ఎత్తలేదు. అలా ఊళ్ళు విడిచినవాళ్ళకు ఆ సెప్టెంబరులో గుంటూరులో టీడీపీ శిబిరం పెట్టింది. 11న వాళ్ళను పల్నాడులోని ఆత్మకూరుకు తీసుకెళ్తామని 'చలో ఆత్మకూరు' అంటే పోలీసులు చంద్రబాబును ఉండవల్లి ఇంట్లోంచి కదలనివ్వలేదు.

మా ఊళ్ళలో పార్టీ అంటే అభిప్రాయం కాదండీ. పింఛను, ఇంటి స్థలం, గెట్టు తగాదా, స్టేషన్లో కేసు, అన్నీ దాని చేతుల్లోనే. అందుకే మనోళ్ళు కొడితే అది దౌర్జన్యంలా అనిపించదు, మనకు అండ ఉన్నట్టు అనిపిస్తుంది. నేనూ అంతే. 2024 మే 13న మా మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో వైసీపీ సిట్టింగ్ ఎమ్మెల్యే ఈవీఎంను నేలకేసి కొట్టిన వీడియో బయటికొచ్చినప్పుడు, నా నోటివెంట మొదట వచ్చిన మాట "అవతలివాళ్ళు ఏదో చేసుంటార్లే". చదువుకున్నవాణ్ణి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పోలింగు గొడవల తర్వాత జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు, ఎస్పీని సస్పెండ్ చేశారు, కలెక్టర్ని బదిలీ చేశారు, ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేశారు. జూన్ 4న ఫలితాలొచ్చాయి, వైసీపీ ఓడి ప్రభుత్వం మారింది. ఈసారి ఆటో మా చిన్నాన్న ఇంటి ముందు ఆగింది. అరుగుల మీద అదే జనం. "అప్పుడు వీళ్ళు చెయ్యలేదా?" అన్నారు. చిన్నాన్న ఎవర్నీ కొట్టలేదు, జెండా మోశాడంతే. ఆ ఏజెంటూ అంతే కదా.

చిన్నాన్న ఇప్పుడు నరసరావుపేటలో అద్దెకుంటున్నాడు, మిరప చేను కౌలుకిచ్చేశాడు. ఆ ఏజెంటు కుటుంబం ఊరికి తిరిగొచ్చింది. నాన్న రోజూ వాళ్ళ ఇంటి ముందు నుంచే పొలానికి వెళ్తాడు. ఆవిడ వాకిట్లో కనబడితే తల దించుకుంటాడు. ఇంతవరకు పలకరించలేకపోయాడు.